ఇల్లు మహారాష్ట్రలో ఉంటే ఖాళీ చేయించే దారి వేరు

పెన్‌గంగకు, వార్ధాకు, ప్రాణహితకు రెండు ఒడ్లా పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టరికాలే. మంచిర్యాలలో ఉండే ఓనరుకు బల్లార్‌పూర్‌లో ఇల్లుంటుంది. రాజురాలో దుకాణం పెట్టుకున్న మనిషిది ఆసిఫాబాద్ వైపు ఊరవుతుంది. అందుకే కిరాయి తగాదా రాగానే అవతలి ఒడ్డున విన్న చట్టం ఇవతల చెప్పడం మామూలైంది. తెలంగాణ పట్టణాల్లో 1960 నాటి చట్టం కింద రెంట్ కంట్రోలర్ ముందు పిటిషన్ వేస్తారు. మహారాష్ట్ర వైపు చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల్లో ఆ దారి లేదు. ఓనరు ఎక్కడ ఉంటున్నాడు, కాగితం ఎక్కడ రాసుకున్నారు, కిరాయి ఏ బ్యాంకులో పడుతోంది అన్నవి పక్కన పెట్టండి. ఇల్లు ఏ నేల మీద ఉందో ఆ నేల చట్టమే వర్తిస్తుంది.

మహారాష్ట్ర ఒడ్డున పెద్దవాళ్లు చెప్పే ఇంకో పాత మాట కూడా ఉంది: "నోటీసు ఇవ్వాలంటే ముందు కలెక్టరాఫీసు పర్మిషన్ తేవాలి." ఒకప్పుడు నిజమే. విదర్భలో 1949 నాటి సీపీ అండ్ బేరార్ ఆర్డరు, మరాఠ్వాడాలో 1954 నాటి హైదరాబాద్ చట్టం ఉండేవి. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999 అమల్లోకి వచ్చిన 2000 మార్చి 31 నుంచి ఆ రెండూ పోయాయి. ఇప్పుడు కిరాయిదారుపై దావా నేరుగా సివిల్ కోర్టులో, మామూలుగా తాలూకాలోని సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ దగ్గర వేస్తారు.

ముందు మీ కేసు ఏ దారిదో తేల్చుకోండి

నోటీసు రాయక ముందే ఇది తేలాలి. దారి తప్పితే రెండు మూడేళ్ల తర్వాత "ఈ కోర్టుకు ఈ దావా వినే అధికారం లేదు" అన్న మాట వినాల్సి వస్తుంది.

ఉండటానికి ఇచ్చిన ఇల్లు, రాతపూర్వకమైన లీవ్ అండ్ లైసెన్స్ కాగితం (కిరాయిదారీ హక్కు ఇవ్వకుండా, కొంతకాలం ఉండనిచ్చే అనుమతి), దాని గడువు ముగిసింది. ఇలాంటిది 1999 నాటి ఆ రెంట్ కంట్రోల్ చట్టం సెక్షన్ 24 కింద కాంపిటెంట్ అథారిటీ ముందుకు వెళ్తుంది. ఈ అధికారిని రెవెన్యూ డివిజన్ వారీగా నియమిస్తారు. చంద్రపూర్, గడ్చిరోలి నాగపూర్ డివిజన్‌లోకి వస్తాయి, నాందేడ్ ఛత్రపతి శంభాజీనగర్ డివిజన్‌లోకి. అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే. దుకాణానికి, గోదాముకు మాత్రం ఇది పనికిరాదు.

లైసెన్స్ కాగితం లేదు, నోటి మాట మీదో పాత రసీదుల మీదో ఏళ్లుగా కిరాయి నడుస్తోంది. ఇది కిరాయిదారీ. సెక్షన్ 15, 16 చెప్పిన కారణాల్లో ఒకటైనా రుజువు చేస్తే తప్ప కోర్టు ఖాళీ చేయించదు. "నా ఇల్లు, నా ఇష్టం" అనేది ఆ కారణాల్లో లేదు.

ఊరు రెంట్ కంట్రోల్ చట్టం మొదటి, రెండో షెడ్యూళ్లలో (చివర జతచేసిన ఊళ్ల జాబితాల్లో) లేకపోతే ఆ చట్టమే రాదు. చిన్న గ్రామపంచాయతీల్లో చాలాచోట్ల ఇదే పరిస్థితి. మీ ఊరు షెడ్యూల్‌లో ఉందో లేదో వకీలు చేత చూపించుకోండి, నోటి మాటతో సరిపెట్టుకోవద్దు. కిరాయికి ఉన్నది బ్యాంకో, ప్రభుత్వ రంగ సంస్థో, పెయిడప్ షేర్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) కోటి రూపాయలు లేదా అంతకు మించిన కంపెనీయో అయినా ఈ చట్టం రక్షణ ఉండదు. ఈ రెండు సందర్భాల్లోనూ ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 వర్తిస్తుంది: నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు, ఫ్యాక్టరీలాంటి తయారీ పనికి ఇచ్చినదైతే 6 నెలల నోటీసు. గడువు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. అది దాటాక సివిల్ దావా.

బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్ల సంగతి ఇంకా వేరు. ప్రభుత్వ రంగ సంస్థ క్వార్టర్లలో రిటైరయ్యాక కూడా ఉంటే 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎస్టేట్ ఆఫీసరు నోటీసు ఇస్తాడు. ఆయన ఆర్డరు మీద జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవడానికి 12 రోజులే గడువు. ఊరికెళ్లి వచ్చి చూసుకుందాం అనుకుంటే అయిపోతుంది.

కిన్వట్, రాజురా, సిరొంచ వైపు ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోండి: స్థలం ఆదివాసీ పేరు మీద ఉందా? ఉంటే ల్యాండ్ రెవెన్యూ కోడ్ సెక్షన్ 36, 36-ఏ కింద కలెక్టరు అనుమతి లేకుండా ఆదివాసేతరుడికి లీజుకు ఇవ్వడమే చెల్లదు. ఆ తగాదా ఇక కిరాయి తగాదాగా మిగలదు.

పదకొండు నెలల కాగితం

తెలంగాణలో పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరికీ తెలుసు. అదే అలవాటుతో ఇక్కడ 500 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని, నోటరీ ముద్ర కొట్టించి, బీరువాలో పెట్టేస్తారు. మహారాష్ట్రలో రెంట్ కంట్రోల్ చట్టం సెక్షన్ 55 ప్రకారం కిరాయి కాగితమైనా, లీవ్ అండ్ లైసెన్స్ అయినా, పదకొండు నెలలదైనా రిజిస్టర్ చేయాలి. చేయించే బాధ్యత ఓనరుది. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలు సంగతి అటుంచి, అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. రిజిస్టరైన రాత కాగితం లేనప్పుడు షరతుల మీద కిరాయిదారు చెప్పిందే, తప్పని ఓనరు రుజువు చేసేదాకా, నిలుస్తుంది. "నాలుగు వేలకు మాట్లాడుకున్నాం, అయిదేళ్లు ఉండొచ్చన్నాడు" అని కిరాయిదారు అంటే, కాదని చూపించే బరువు ఓనరు మీద పడుతుంది.

ఇంతా చేసి ఖర్చు ఎంత? లీవ్ అండ్ లైసెన్స్ మీద స్టాంపు డ్యూటీ 0.25 శాతం. మొత్తం కాలానికి వచ్చే కిరాయి, దానికి తిరిగిచ్చే డిపాజిట్ మీద ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ కలిపి, ఆ మొత్తం మీద లెక్క. నెలకు 6,000, డిపాజిట్ 30,000, పదకొండు నెలలు అనుకోండి. కిరాయి 66,000, వడ్డీ 2,750, కలిపి 68,750. దాని మీద డ్యూటీ 172 రూపాయల దగ్గర తేలుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు పట్టణ ప్రాంతంలో 1,000, గ్రామీణంలో 500. ఆధార్, వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. ఏజెంటు మెషీన్ పట్టుకుని ఇంటికే వస్తాడు, అతని చార్జీ వేరు. రెండు వేల ఖర్చుకు వెనకాడి, తర్వాత కోర్టు చుట్టూ ఏళ్లు తిరగడం తెలివైన లెక్క కాదు.

కాగితంలో తప్పకుండా ఉండాల్సినవి: ఇచ్చింది "లైసెన్స్" అన్న మాట, మొదలు తేదీ, ముగిసే తేదీ, నివాసానికా వ్యాపారానికా, నెలకు ఎంత, డిపాజిట్ ఎంత, ఏ ఖాతాలో పడాలి, గడువు మధ్యలో వదిలేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కరెంటు మీటరు నంబరు, ఆ రోజు రీడింగు. సెక్షన్ 24 కింద వేసే కేసులో రాత కాగితంలో ఉన్న సంగతులకు ఇక వేరే రుజువు అడగరు. అందుకే తేదీలు జాగ్రత్త. పాత కాగితం మీద తేదీ కొట్టేసి కొత్తది రాసి రెన్యువల్ అనుకోవడం కుదరదు. ప్రతిసారీ కొత్త కాగితం, కొత్త రిజిస్ట్రేషన్.

కిరాయిదారుకో మాట. కాగితం మరాఠీలో ఉంటుంది. "సంతకం పెట్టు తమ్మీ, అందరికీ ఇదే ఫార్మాట్" అంటే పెట్టేయకండి. మరాఠీ చదివే మనిషితో ముందు వినిపించుకోండి. ముఖ్యంగా ముగిసే తేదీ, "భాడే పావతీ" అనే రసీదు సంగతి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారన్న షరతు. ఇరవై ఏళ్లుగా కిరాయిదారుగా ఉన్నవాళ్ల చేత కొత్తగా లీవ్ అండ్ లైసెన్స్ మీద సంతకం పెట్టించుకోవడం కూడా జరుగుతుంది. ఆ సంతకంతో, ఇన్నేళ్ల కిరాయిదారీ రక్షణ ఉందని చెప్పుకోవడం చాలా కష్టమవుతుంది.

గడువు ముగిసిన లైసెన్స్

గడువు తేదీ దాటిన మర్నాడే ఓనరు రాతపూర్వకంగా అడగాలి. దాటాక కూడా ఖాళీ చేయకపోతే, సెక్షన్ 24 ప్రకారం ఒప్పుకున్న లైసెన్స్ ఫీజుకు రెట్టింపు చొప్పున నష్టపరిహారం రాబట్టుకోవచ్చు. ఇక్కడ ఓనర్లు చేసే తప్పు ఒకటే: గడువు అయ్యాక కూడా నాలుగు నెలలు మాట్లాడకుండా పాత కిరాయే ఫోన్‌పేలో తీసుకుంటారు. అవతలి వకీలు దాన్ని పట్టుకుని "లైసెన్స్ కాదు, కొత్తగా కిరాయిదారీ ఏర్పడింది" అని వాదిస్తాడు. డబ్బు తీసుకోవాల్సి వస్తే, అది గడువు తర్వాత ఉన్నందుకు నష్టపరిహారం కింద తీసుకుంటున్నామని, హక్కులు వదులుకోవడం లేదని అదే రోజు మెసేజ్ పెట్టండి, తర్వాత స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి.

కాంపిటెంట్ అథారిటీ నుంచి సమన్లు అందితే కిరాయిదారు పక్కన పెట్టకూడదు. అందిన 30 రోజుల్లో, తనకున్న అభ్యంతరాలతో అఫిడవిట్ వేసి, కేసు ఎదుర్కోవడానికి అనుమతి అడగాలి. అడగకపోతే ఓనరు చెప్పింది ఒప్పుకున్నట్టే లెక్కగట్టి ఆర్డరు ఇచ్చేస్తారు. సివిల్ కోర్టులో వాయిదా దొరికినట్టు ఇక్కడ దొరకదు. ఆర్డరు మీద అప్పీలు కూడా లేదు, రివిజన్ (ఆర్డరును పైవాళ్లు మళ్లీ పరిశీలించడం) ఒక్కటే.

కిరాయి బాకీ: 90 రోజులు, మళ్లీ 90 రోజులు

కిరాయిదారీ కేసుల్లో ఎక్కువగా గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. కిరాయి ఇస్తూ, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నంతకాలం కిరాయిదారును బాకీ పేరుతో తీయలేరన్నది సెక్షన్ 15 సారాంశం. ఓనరు ముందుగా రాతపూర్వక డిమాండ్ నోటీసు ఇవ్వాలి. అది అందిన తర్వాత 90 రోజులు గడవాలి. అప్పుడే దావా. పాత చట్టాల అలవాటుతో "నెలరోజుల్లో కట్టకపోతే" అని రాసే నోటీసులు ఇప్పటికీ కనబడతాయి. అందిన 90 రోజులు నిండకముందే దావా వేస్తే ఆ దావా ముందుకు సాగదు.

నోటీసులో ఇవి విడివిడిగా ఉండాలి: ఏ నెల నుంచి ఏ నెల వరకు, నెలకు ఎంత, మొత్తం ఎంత, ఎక్కడ కట్టాలి, 90 రోజుల గడువు. మూడేళ్లు దాటిన బాకీ డబ్బుగా రాబట్టలేరు, లిమిటేషన్ చట్టం అడ్డొస్తుంది. ఇస్తామన్న డబ్బు తీసుకోకుండా తిప్పి పంపి, తర్వాత బాకీ అని నోటీసు ఇస్తే కోర్టులో అది ఓనరుకే బెడిసికొడుతుంది. కిరాయిని ఏడాదికి 4 శాతం పెంచుకునే హక్కు సెక్షన్ 11 ఇచ్చింది. 5,000 ఉంటే 5,200. దాన్ని ఒకేసారి 8,000 చేసి ఆ తేడాను బాకీగా చూపించే నోటీసులు కోర్టులో తేలిపోతాయి.

నోటీసు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఇంటి చిరునామాకు ఒకటి, దుకాణమైతే దుకాణానికి ఇంకొకటి. "తీసుకోలేదు" అని కవరు తిరిగొస్తే దాన్ని విప్పకుండా అలాగే దాచండి. కోర్టులో మూసి ఉన్న కవరుకే విలువ. వాట్సాప్‌లో కూడా పంపితే మంచిదే కానీ పోస్టుకు బదులు కాదు.

ఇప్పుడు కిరాయిదారు వైపు. నోటీసు రాగానే కట్టేస్తే సరిపోతుంది. కట్టకపోయినా ఇంకో అవకాశం ఉంది. దావా సమన్లు అందిన రోజు నుంచి 90 రోజుల్లో, కట్టే రోజుకు ఉన్న మొత్తం బాకీని ఏడాదికి 15 శాతం సాదా వడ్డీతో కోర్టులో కట్టి, ఆ తర్వాత దావా తేలేదాకా నెలనెలా కడుతూ, కోర్టు చెప్పిన ఖర్చులు ఇస్తే బాకీ కారణంగా ఖాళీ చేయమనే డిక్రీ రాదు. చాలామంది ఇక్కడే జారతారు, నోటీసులో రాసిన మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటారు. చట్టం అడిగేది కట్టే రోజుకు ఉన్న బాకీ.

లెక్క చూడండి. నెలకు 4,500. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు 6 నెలలకు 27,000 అని అక్టోబర్‌లో నోటీసు. తర్వాత కూడా కట్టలేదు. మార్చిలో సమన్లు అందాయి. మే 1న కోర్టులో కడదాం అనుకుంటే, పోయిన ఏప్రిల్ నుంచి ఈ ఏప్రిల్ వరకు 13 నెలలు, 58,500. వడ్డీ ఒక నెల కిరాయికి నెలకు 56 రూపాయల 25 పైసలు. ప్రతి నెల కిరాయి మరుసటి నెల 1వ తేదీకి బాకీ అనుకుంటే మొదటి నెలకు 12 నెలల వడ్డీ, తర్వాతిదానికి 11, ఇలా చివరిదానికి సున్నా. కలిపితే 78 నెలల వడ్డీ, 4,387 రూపాయల 50 పైసలు. కట్టాల్సింది 62,887 రూపాయల 50 పైసలు. రూపాయి తక్కువ కట్టి తగాదా పెట్టుకునే బదులు పైకి సరిచేసి కట్టండి. తర్వాత ఏ ఒక్క నెల తప్పినా ఈ రక్షణ ఊడిపోయే ప్రమాదం ఉంది. పంట చేతికొచ్చాక, బోనస్ పడ్డాక మొత్తం కడతాననే అలవాటు ఇక్కడ పనికిరాదు. అంతేకాదు, బొంబాయి హైకోర్టు చేర్చిన సివిల్ ప్రొసీజర్ ఆర్డర్ 15-ఏ ప్రకారం, దావా నడుస్తుండగా కోర్టు చెప్పిన డబ్బు జమ చేయకపోతే కిరాయిదారు వేసిన జవాబునే కొట్టేయవచ్చు.

ఓనరు కావాలనే కిరాయి తీసుకోవడం మానేస్తే, డబ్బు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డానని చెప్పడం సాక్ష్యం కాదు. బ్యాంకు ఖాతాకు పంపండి. ఖాతా మూయించేస్తే మనీఆర్డరు చేయండి, తిరస్కరించిన రసీదు దాచండి. యూపీఐలో పంపేటప్పుడు నోట్‌లో "జూన్ కిరాయి" అని రాయండి. చేబదులు కింద పంపావని తర్వాత మాట మార్చే వీలుండదు. నగదు ఇస్తే పావతీ అడగండి. రసీదు ఇవ్వడం చట్టప్రకారం ఓనరు విధి.

మిగతా కారణాలు

సెక్షన్ 16 జాబితా పొడుగుది. ఆస్తి పాడుచేయడం, అనుమతి లేకుండా పక్కా నిర్మాణం కట్టడం, పక్కవాళ్లకు ఇబ్బంది కలిగించడం, ఇంకొకరికి కిరాయికి ఇచ్చుకోవడం, దావా వేసే నాటికి వెనక వరసగా 6 నెలలు సరైన కారణం లేకుండా వాడకపోవడం, పాత భవనం కూల్చి కొత్తది కట్టడం. కూల్చి కట్టాలనే ఓనరు చేతిలో ప్లాను, ఎస్టిమేటు, డబ్బు ఉన్నట్టు చూపాలి. చెక్క పార్టిషన్, వంటగట్టు, ఫాల్స్ సీలింగ్ లాంటివి ఇంటికి పెద్ద నష్టం లేకుండా తీసేయగలిగితే పక్కా నిర్మాణం కిందికి రావు. వంటగట్టు కట్టుకున్నారని వేసిన దావాలు అందుకే నిలవవు. ఇంకొకరికి ఇచ్చారని నిరూపించాలంటే బంధువు వచ్చి ఉంటున్నాడని చెబితే చాలదు. ఆ మనిషి చేతికే మొత్తం కబ్జా (స్వాధీనం) వెళ్లిందని, అందుకు డబ్బు చేతులు మారిందని చూపాలి.

ఎక్కువగా వేసేది సొంత అవసరం కేసు, సెక్షన్ 16(1)(జి). "కొడుకు పెళ్లైంది, ఇల్లు చాలడం లేదు" అన్నది మంచి కారణమే. కానీ కోర్టు తూకం వేస్తుంది: ఖాళీ చేయిస్తే కిరాయిదారుకు కలిగే కష్టం ఎక్కువా, చేయించకపోతే ఓనరుకు కలిగేది ఎక్కువా? కిరాయిదారుది ఎక్కువనిపిస్తే డిక్రీ ఇవ్వదు, అవసరమైతే ఇంట్లో కొంత భాగానికే ఇవ్వవచ్చు. అందుకని ఓనరు తన దగ్గర ఇంకే ఇళ్లున్నాయో దాచకుండా చెప్పాలి. దాచింది మున్సిపల్ రికార్డులో దొరికితే కేసు మొత్తం అనుమానంలో పడుతుంది. కిరాయిదారు కూడా "దిక్కులేదు" అంటే చాలదు, వేరే ఇల్లు వెతికినట్టు చూపించాలి. ఎక్కడెక్కడ అడిగాడో, ఎంత చెప్పారో.

హైదరాబాద్‌లోనో కరీంనగర్‌లోనో ఉండే ఓనరు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి బావమరిది చేత దావా నడిపించవచ్చు. కానీ సాక్ష్యం? తన సొంత అవసరం గురించి చెప్పాల్సింది తనే. తనకు మాత్రమే తెలిసిన సంగతి మీద పవర్ పట్టుకున్నవాడు బదులు చెప్పడం కుదరదని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఒక్క రోజైనా బోనెక్కడానికి సిద్ధపడండి.

సొంత అవసరమని ఇల్లు తీసుకుని నెలలోపు అందులో దిగకపోయినా, ఏడాదిలోపు ఇంకొకరికి కిరాయికి ఇచ్చినా, పాత కిరాయిదారు సెక్షన్ 17 కింద ఇల్లు తిరిగి తనకిప్పించమని కోర్టును అడగవచ్చు. ఖాళీ చేశాక కూడా ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచడం తప్పేమీ కాదు.

సెక్షన్ 16 కింద వేసే దావాలకు ఆస్తి బదిలీ చట్టం 106 నోటీసు విడిగా అక్కర్లేదని 1979లో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి తేల్చింది. అయినా ఇవ్వడమే నయం, అవతలివాడు ఏమని జవాబిస్తాడో ముందే తెలుస్తుంది.

తాళం వేయడం, నల్లా తీయడం

డిక్రీ లేకుండా సామాను బయట పడేయడం, తాళం మార్చడం, నల్లా కట్ చేయడం, మీటరు తీయించడం. కోర్టు ఆలస్యం అవుతుందని నలుగురు మనుషులను తెచ్చి చేసే ఈ పని ఓనరు గెలిచే కేసును కూడా ఓడగొడుతుంది.

బయటకు నెట్టేస్తే కిరాయిదారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల్లో దావా వేసుకోవచ్చు. అక్కడ ఓనరు ఎవరన్నది ప్రశ్నే కాదు, చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టారా లేదా అన్నదే చూస్తారు. ఆ డిక్రీ మీద అప్పీలు లేదు. బెదిరింపు మొదలైన రోజే ఫొటోలు, వీడియోలు తీసి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకోండి. "ఇది సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి" అని పోలీసులు అనడం మామూలే. ఇంట్లోకి జొరబడి సామాను విసిరేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద నేరమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. అదే రోజు తాలూకా కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ (ఖాళీ చేయించకుండా ఆపే ఆర్డరు) అడగండి.

నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి ఆపడాన్ని రెంట్ చట్టం సెక్షన్ 29 నిషేధించింది. వెంటనే తిరిగి ఇవ్వమని కోర్టు మధ్యంతర ఆర్డరు ఇవ్వగలదు. కొత్త మీటరుకు ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇవ్వడం లేదని ఆగిపోకండి. అదొక్క కారణంతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించరాదని మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మరమ్మతు కోసం ఓనరుకు 15 రోజుల నోటీసు ఇచ్చి, చేయకపోతే కిరాయిదారే చేయించి ఆ ఖర్చును కిరాయిలో కోసుకోవచ్చు, అది ఏడాది కిరాయిలో నాలుగో వంతు దాటకూడదు. బిల్లులు ఉంచండి.

కిరాయిదారు వైపు కూడా ఒక అపోహను కొట్టేయాలి: పన్నెండేళ్లు ఉంటే ఇల్లు తనదవుతుందని. కాదు. కిరాయికి దిగినవాడు ఓనరు అనుమతితో ఉన్నవాడు. కిరాయికి ఇచ్చినవాడి హక్కునే కాదనడం కూడా కుదరదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 122 అడ్డుపడుతుంది.

దావా నడిచే తీరు

సమన్లు అందాక 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. కోర్టు కారణం చూసి 90 రోజుల వరకు ఇవ్వవచ్చు. తర్వాత ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు), సాక్ష్యం, క్రాస్ (అవతలి వకీలు వేసే ప్రశ్నలు), వాదనలు. వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ స్క్రీన్‌షాట్లు పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయాలి. అది లేక మంచి సాక్ష్యం పక్కకు పోతుంది. ప్రతి కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే తర్వాతి తేదీ మీకే కనబడుతుంది, వకీలు ఫోను ఎత్తకపోయినా ఇబ్బంది లేదు.

డిక్రీ వచ్చినంత మాత్రాన తాళాలు చేతికి రావు. డిక్రీ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ దరఖాస్తు వేయాలి, బేలీఫు (కోర్టు ఉద్యోగి) వచ్చి కబ్జా ఇప్పిస్తాడు. ఎవరో కొత్త మనిషి "నేను ఇక్కడ ఉంటున్నా" అని అడ్డం నిలబడితే ఆర్డర్ 21 రూల్ 97 కింద దాన్ని అదే కోర్టు తేలుస్తుంది. ఓడినవాళ్లు జిల్లా కోర్టుకు 30 రోజుల్లో అప్పీలు చేయాలి. అప్పీలు వేయడం, స్టే రావడం ఒకటి కావు. స్టే విడిగా అడగాలి, కోర్టు దానికి మార్కెట్ రేటు ప్రకారం నెలనెలా కట్టమనే షరతు పెట్టవచ్చు. గెలిచిన ఓనరు జిల్లా కోర్టులో ముందే కేవియట్ వేసుకుంటే తన మాట వినకుండా స్టే ఇవ్వరు. అది 90 రోజులే పనిచేస్తుంది, దాటితే మళ్లీ వేయాలి.

వకీలు, భాష, ఉచిత సాయం

కింది కోర్టుల్లో నడిచేది మరాఠీ. మీరు తెలుగులోనే సాక్ష్యం చెప్పవచ్చు, అనువాదకుణ్ని పెట్టమని ముందే అడగండి. మరాఠీ అఫిడవిట్ మీద సంతకం చేస్తే, "తెలుగులో చదివి వినిపించి అర్థం చేయించాం" అన్న వాక్యం కింద రాయించుకోండి. క్రాస్‌లో "ఇందులో ఏముందో నాకు తెలియదు" అనేస్తే ఆ అఫిడవిట్ పని అయిపోయినట్టే. తెలుగు కాగితాలు, పాత రసీదులు పెట్టాలంటే అనువాదం జతచేయాలి.

ఫీజు కట్టలేనివాళ్లకు తాలూకా లీగల్ సర్వీసెస్ కమిటీ, చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లా కోర్టుల్లోని జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా వకీలును ఇస్తాయి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పరిశ్రమల కార్మికులకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు మహారాష్ట్రలో ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. ఫోను 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఖాళీ చేసే తేదీ, బాకీలో మాఫీ, డిపాజిట్ లెక్క అన్నీ అందులో రాయించుకోండి. ఇరువర్గాలకూ తెలిసినవాళ్లే మధ్యలో ఉండే మన ఊళ్లలో, ఆరు నెలల గడువు, బాకీలో సగం మాఫీ లాంటి రాజీలు చాలావరకు నిలుస్తాయి. "పెద్దమనుషుల ముందు మాటిచ్చాడు" అన్నది మాత్రం డిక్రీ కాదు.

తాళాలు చేతికిచ్చే రోజు

ఇద్దరూ కలిసి గదిగది వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో, నల్లా బిల్లు, మున్సిపల్ బాకీ ఎవరిదో రాసుకోండి. "తాబా పావతీ" అనే ఒక పేజీ స్వాధీనపు రసీదు మీద తేదీ, సమయం, ఎన్ని తాళాలు, ఎంత డిపాజిట్ తిరిగిచ్చారు, ఏం కోసుకున్నారు, ఎందుకు అన్నది రాసి ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకం పెట్టండి. తాళాలు ఇచ్చేశాక డిపాజిట్ కోసం తిరగకుండా, రెండూ ఒకే చోట, ఒకే గంటలో జరగాలని కిరాయిదారు ముందే చెప్పాలి. సున్నం, రంగు పేరుతో మొత్తం డిపాజిట్ కోసేస్తామంటే, వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడు. విరిగిన తలుపు, పగిలిన సింకు వేరు. ఓనరు తన వైపు నుంచి ఆ రోజే తాళం మార్చుకోవాలి, దావా నడుస్తుంటే కబ్జా అందిందని వకీలు చేత కోర్టులో పర్సిస్ (కోర్టుకు తెలిపే చిన్న రాతపూర్వక కాగితం) వేయించాలి. అది వేయకపోతే కేసు ఖాతాలో అలాగే నడుస్తుంది, ఇద్దరికీ వాయిదాలు పడుతూనే ఉంటాయి.